నిప్పు లేనిదే పొగ రాదా?

పుంగనూరు ప్రాంతములోని సోమలనుండి ఒక సోదరి మాకు జాబు వ్రాసినది. ఆచార్య సాయిబాబాగారి కథ తమ యింట చదివినప్పుడు అత్తగారు కన్నీరు పెట్టుకొనిరట. మఱిదిగారు మాత్రము, "నిప్పు లేనిదే పొగ రాదు. యావజ్జీవశిక్ష ఊరకే పడునా?" అని తేల్చివేసిరట. "నాకు ఏమి చెప్పుటకును తోచలేదు. ఆయన దోషియా, నిర్దోషియా? దోషి కానిచో అన్నియేండ్లు చెఱసాలలో ఎందుకు ఉంచిరి? మా వంటి ఇల్లాండ్రకు అర్థమగునట్లు వ్రాయుడు" అని ఆమె కోరిక.

మఱిదిగారు చెప్పిన సామెత ఆడువారికి క్రొత్తది కాదు. ఈ సామెత మనకు చేసినంత అపకారము మఱియొక సామెత చేసియుండదు. కోడలి నడతను గుఱించి గిట్టనివారు ఒక్కమాట అన్నచాలు, విచారణ లేదు, సాక్ష్యము లేదు, ఈ సామెతయే తీర్పు. కావున దీని విలువ యెంతో పురుషులకంటె మనకే యెక్కువ తెలియును. సాయిబాబాగారి విషయమున ఆ పొగ యెక్కడనుండి వచ్చెనో మొదటినుండి చూతము.

గోకరకొండ నాగ సాయిబాబాగారు 1967లో కోనసీమలోని అమలాపురము ప్రాంతమున పేదరైతు కుటుంబమున జన్మించిరి. అయిదవయేట పోలియో వ్యాధి సోకి రెండు కాళ్లును చచ్చుపడినవి. చక్రాల కుర్చీ కొనగల స్తోమత ఆ యింటికి లేదు. బిడ్డడు చేతుల ఊతతో నేలమీద ప్రాకుచుండగా, వీనికి చదువొక్కటే కాళ్లు కాగలదని నమ్మిన తల్లి చంకనెత్తుకొని బడికి మోసుకొనిపోయెడిది. ఆ పిల్లవాడు అమలాపురములో పట్టపరీక్ష గడచి, హైదరాబాదు విశ్వవిద్యాలయమున ఎం.ఏ. చదివి, ఢిల్లీ చేరి, అచ్చటి విశ్వవిద్యాలయమునకు చెందిన రాంలాల్ ఆనంద్ కళాశాలలో ఇంగ్లీషు సాహిత్యము బోధించుచు డాక్టరు పట్టమును పొందిరి. చిన్ననాటి చదువుల స్నేహితురాలు వసంతకుమారిగారు ఆయన భార్య. అంగవైకల్యము నూటికి తొంబది వంతులని వైద్యులు నిర్ణయించిరి.

ఆయన పాఠములు చెప్పుటతో ఊరకుండలేదు. 2005లో ఛత్తీస్‌గఢ్ అడవులలో సల్వాజుడుం అను పేరున ఆదివాసుల చేతికే ఆయుధములిచ్చి ఆదివాసులపైకి ఉసికొల్పినప్పుడును, 2009 తరువాత గ్రీన్‌హంట్ అను పేరున సాయుధదళములను అడవులకు నడిపినప్పుడును, ఊళ్లు తగులబడుచున్నవనియు, ఆ కొండజాతుల నేలక్రింది గనులకొఱకే యిది జరుగుచున్నదనియు ఊరూర సభలలో చెప్పిరి. సల్వాజుడుం రాజ్యాంగవిరుద్ధమని 2011లో సుప్రీంకోర్టే తీర్పు చెప్పినది. ఆయన అభిప్రాయములు వామపక్షపువి. ఆయన ఆ సంగతి దాచుకొన్నవారు కారు. ఆ అభిప్రాయములతో ఏకీభవింపని చదువరులు మాకు పెక్కుమంది కలరు. అట్టివారుకూడ ఈ వ్యాసమును కడవఱకు చదువుదురుగాక, ఇచ్చటి ప్రశ్నకు ఆ ఏకీభావముతో పని లేదు.

2013 సెప్టెంబరులో పోలీసులు వచ్చి ఆయన యిల్లు సోదా చేసి, కంప్యూటరు సామగ్రియు కాగితములును పట్టుకొనిపోయిరి. 2014 మే 9వ తేదీన కళాశాలనుండి ఇంటికి వచ్చుచుండగా నడిత్రోవలో మహారాష్ట్ర పోలీసులు ఆయనను పట్టుకొని నాగపూరు కేంద్రకారాగారమునకు తరలించిరి. నిషిద్ధమైన మావోయిస్టు పార్టీతో సంబంధము గలదనియు, దేశముపై యుద్ధమునకు కుట్ర పన్నిరనియు నేరారోపణ. పట్టుకొన్నప్పుడు తనను కుర్చీనుండి ఈడ్చుటచే ఎడమభుజము నరములు దెబ్బతిన్నవనియు, తగిన చికిత్స నెలల తరబడి దొఱకలేదనియు ఆయన తరువాత చెప్పిరి. ఎత్తుకొనువారు లేనిచో కదలలేని మనుష్యునికి చేతులే కాళ్లు. ఆ రెంటిలో ఒకటి పోయెను.

నాగపూరు జైలులో ఆయనను ఉంచినచోటికి అండా కొట్టు అని పేరు. గ్రుడ్డు ఆకారమున, మిక్కిలి కట్టుదిట్టముగ, భయంకరులనబడు ఖైదీలకొఱకు కట్టిన భాగమది. చక్రాల కుర్చీ అచ్చట తిరుగుటకు వీలు లేదు.

ఇంట మంచము పట్టిన అత్తగారికో మామగారికో ఉపచారము చేసిన సోదరీమణులకు మేము విస్తరించి చెప్పనక్కఱలేదు. ప్రొద్దున లేచినది మొదలు ఒక్కొక్క పనికి రెండు చేతులు కావలెను. మంచమునుండి దింపవలెను, మరుగుదొడ్డికి చేర్పవలెను, కూర్చుండబెట్టి పట్టుకొనవలెను, స్నానము చేయింపవలెను, తుడువవలెను, మరల ఎత్తి పండుకొనబెట్టవలెను. రాత్రి దాహమైనచో నీళ్లు నోటికి అందింపవలెను. మనయింట మనవారు చేయునప్పుడే రోగికి సిగ్గు, చేయువారికి అలసట. అట్టిది చెఱసాలలో, తనవారు కానివారి దయపై, ఎనిమిదియేండ్లకు పైగా జరిగినది. చేయూత యిచ్చినవారు తోడి ఖైదీలే. గుండెజబ్బు, పిత్తాశయములోను మూత్రపిండములలోను రాళ్లు, క్లోమగ్రంథి వాపు, మెదడులో బుడిపె, ఇట్లు ఒకదానివెంట ఒకటి రోగములు చేరినవి. ఆరోగ్యము మిక్కిలి క్షీణించినది గనుక ఆయనను విడువవలెనని 2018 జూన్ నెలలో ఐక్యరాజ్యసమితికి చెందిన మానవహక్కుల నిపుణులు భారత ప్రభుత్వమును కోరిరి. పదునైదు దినములకు మించిన ఏకాంతవాసము కూడదని ఆ సమితియే 2015లో మండేలాగారి పేర నియమములు చేసియున్నది. వికలాంగుల హక్కుల ఒడంబడికను మన దేశము 2007లోనే అంగీకరించినది. కాగితముమీద దయకు కొఱత లేదు.

2022 మే నెలలో జరిగినది వినుడు. ఆయన కొట్టునెదుట ఒక కెమేరా బిగించిరి. స్నానము చేయుచోటును, మరుగుదొడ్డియు దానికి కనబడునట్లున్నవని ఆయన భార్యయు సోదరుడును మహారాష్ట్ర హోంమంత్రికి వ్రాసిరి. మండువేసవిలో నీళ్లుంచుకొనుటకు ప్లాస్టిక్ సీసానైన ఇయ్యకుండిరని కూడ వారి ఫిర్యాదు. కాలకృత్యములు కెమేరా యెదుట తీర్చుకొనుటకు ఇష్టపడని ఆ రోగి అన్నము మాని నిరాహారదీక్ష పట్టెను. ఈ భాగము చదువునప్పుడు, చాటు అనునది లేక ఆడువారు పడు బాధ యెఱిగిన మన సోదరీమణులు ఒక్కక్షణము ఆగుదురని మాకు తెలియును.

ఇక తల్లి మాట. చంకనెత్తుకొని బడికి మోసిన ఆ తల్లి 2020లో హైదరాబాదులో పుట్టకురుపు వ్యాధితో మంచము పట్టెను. కడసారి కొడుకును చూడవలెనని ఆమె, తల్లిని చూడవలెనని ఆయన. ఇందుకై నలువదియైదు దినముల తాత్కాలికపు జామీను అడిగిరి. జూలై 28న హైకోర్టు కాదన్నది. ఆగస్టు 1న ఆమె కన్ను మూసెను. అంత్యక్రియలకైనను పంపుడని అడిగిన అర్జీకిని అనుమతి రాలేదు. హత్యలు చేసి శిక్ష పొందినవారికి సైతము తల్లి పోయినప్పుడు సెలవు దొఱకుట కలదు. నిలువబడనేని లేని వ్యక్తి పారిపోవునని భయమా? మాకు ఈ కథలో అన్నిటికంటె అర్థము కానిది ఇదియే. విడుదలయైన మఱునాడు, అనగా 2024 మార్చి 8న, ఢిల్లీలో పత్రికలవారితో మాట్లాడుచు ఆయన తన రోగములకంటె ముఖ్యముగ ఈ తల్లిని గుఱించియే చెప్పుకొనిరి. అది ప్రపంచమంతటను మహిళా దినోత్సవము జరుపుకొను నాడు.

మఱి జామీను ఎందుకు దొఱకలేదని సోమల సోదరి అడుగవచ్చును. సామాన్య నేరములలో జామీను ఇచ్చుట రివాజు, నిరాకరించుట అరుదు కావలెనని మన న్యాయస్థానములే పలుమాఱులు చెప్పియున్నవి. కాని సాయిబాబాగారిపై పెట్టిన చట్టము చట్టవిరుద్ధ కార్యకలాపముల నిరోధక చట్టము. అది కూడ 1967లో పుట్టినదే, ఆయన యీడుది. 2008లో దానికి చేర్చిన సవరణప్రకారము, పోలీసుల కాగితములను చూచినంతమాత్రమున ఆరోపణ నిజమువలె కనబడినచో జామీను ఇయ్యరాదు. సాక్షులను ఇంకను ప్రశ్నింపలేదు, దస్తావేజులను పరీక్షింపలేదు, అయినను ఖైదు సాగుచునే యుండును. అనగా మన మఱిదిగారి సామెతనే శాసనముగ వ్రాసిరన్నమాట.

అయినను ఆయనకు రెండుమాఱులు తాత్కాలికముగ వెలుపలి గాలి తగిలినది. ఒక స్త్రీ, సామాజిక సేవకురాలు, ఆయన స్థితిని పత్రికలో చదివి బొంబాయి హైకోర్టు ప్రధానన్యాయమూర్తికి వ్రాయగా, ఆ లేఖనే వ్యాజ్యముగ స్వీకరించి 2015లో చికిత్సకై విడుదల చేసిరి. ఆ యేడే డిసెంబరులో నాగపూరు ధర్మాసనము దానిని రద్దుచేసి మరల చెఱసాలకు పంపెను. 2016 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు జామీను ఇచ్చినది. 2017 మార్చి 7న గడ్చిరోలి సెషన్సు కోర్టు ఆయనకును, మఱి నలుగురికిని యావజ్జీవశిక్షయు, ఒకరికి పదియేండ్ల శిక్షయు విధించెను. శరీరము వికలమైనను బుద్ధి చక్కగనే పనిచేయుచున్నది గనుక కనికరమునకు తావులేదని ఆ న్యాయమూర్తి అభిప్రాయపడెను.

ఆ తీర్పునకు ఆధారముగ చూపినవి ముఖ్యముగ కంప్యూటరు సామగ్రిలో దొఱికినవనబడు వ్రాతలు. వానిని పట్టుకొన్న తీరేమి? సోదాకు సాక్షిగ తెచ్చిన మనుష్యుడు చదువురానివాడు. విశ్వవిద్యాలయపు నివాసములలో, చదివినవారు నలువైపుల నుండగా, చదువురానివానిని సాక్షిగ ఏల ఎన్నుకొనిరో పోలీసులు చెప్పలేకపోయిరి. అపీలులో హైకోర్టు ఈ సంగతి ఎత్తిచూపెను. ఒక సిద్ధాంతమునకు సంబంధించిన వ్రాతలు చదివినంతమాత్రమున, దాచుకొన్నంతమాత్రమున నేరము కాదనియు చెప్పెను.

మఱియొక లోపము చట్టమునకు సంబంధించినది. ఇంత కఠినమైన చట్టము దుర్వినియోగము కాకుండుటకై, ఒక స్వతంత్రాధికారి సాక్ష్యమును పరిశీలించి ఒప్పుకొన్నపిమ్మటనే ప్రభుత్వము విచారణకు అనుమతి యియ్యవలెనని అందులోనే వ్రాసిరి. సాయిబాబాగారి విషయమున కోర్టు 2015 ఫిబ్రవరిలో ఆరోపణలు స్థిరపఱచి విచారణకు పూనుకొన్నది. ప్రభుత్వపు అనుమతి వచ్చినది ఏప్రిల్‌లో. తాళి కట్టిన తరువాత పిల్లనిచ్చుటకు ఇష్టమా అని అడిగినట్లున్నది.

ఈ లోపమునే ఆధారముగ చేసికొని 2022 అక్టోబరు 14న బొంబాయి హైకోర్టు నాగపూరు ధర్మాసనము అందఱిని విడువుమనెను. ఆ సాయంకాలము వసంతకుమారిగారి యింట ఎట్టి యానందమో ఊహింపవచ్చును. మఱునాడు శనివారము. కోర్టులకు సెలవు. అయినను సుప్రీంకోర్టులో ఇద్దఱు న్యాయమూర్తులు ప్రత్యేకముగ సమావేశమై ఆ తీర్పును నిలిపివేసిరి. తల్లి అంత్యక్రియల అర్జీకి ఈపాటి తొందర కనబడలేదే యని మాకు తోచినది. 2023 ఏప్రిల్ 19న ఆ తీర్పును కొట్టివేసి, మొదటినుండి మరల వినుడని హైకోర్టుకే పంపిరి. వేఱు న్యాయమూర్తులు వినిరి. 2024 మార్చి 5న వారును, ఈసారి అనుమతి లోపమును మాత్రమే గాక సాక్ష్యమునంతటిని తఱచి చూచి, నేరము ఋజువు కాలేదని ఆఱుగురిని నిర్దోషులుగ తేల్చిరి. మార్చి 7న సాయిబాబాగారు బయటికి వచ్చిరి. నాలుగు దినముల పిమ్మట సుప్రీంకోర్టు ఈ తీర్పును ఆపుటకు అంగీకరింపలేదు.

ఆఱుగురని వ్రాసితిమి. కాని ఆనాటికి బ్రదికియున్నవారు అయిదుగురే. పాండు నరోటె అను ఆదివాసి యువకుడు 2022 ఆగస్టులో, ఖైదీగ నున్నప్పుడే, జ్వరము తగిలి నాగపూరు ఆసుపత్రిలో చనిపోయెను. అతడు నిర్దోషియని కోర్టు చెప్పినది అతడు పోయిన పదునెనిమిది నెలలకు. సాయిబాబాగారి పేరు పత్రికలలో పడినది, ఆయన కవితలును లేఖలును 2022లో పుస్తకముగ వెలువడినవి. పాండును గుఱించి వ్రాసినవారు తక్కువ.

ఇప్పుడు సోమల మఱిదిగారికి మా జవాబు. అయ్యా, పొగ మాత్రము పదియేండ్లు వచ్చినది. రెండవమాఱు విన్న హైకోర్టు న్యాయమూర్తులు సాక్ష్యమునంతటిని వెదకిరి. నిప్పు కనబడలేదు.

మదనపల్లెవారికి మఱియొక ఖైదు కథ గుర్తు చేయుదుము. మదనపల్లెలో దివ్యజ్ఞాన కళాశాలను 1915లో స్థాపించిన అనిబిసెంటమ్మను, స్వపరిపాలన కావలెనని వ్రాసినందుకు, 1917 జూన్‌లో మద్రాసు ప్రభుత్వము ఉదకమండలములో నిర్బంధించెను. విచారణ లేదు. అంత దేశమంతట సభలు జరిగినవి. సెప్టెంబరులో ఆమెను విడువవలసి వచ్చెను. ఆ డిసెంబరులోనే కలకత్తా కాంగ్రెసునకు ఆమె అధ్యక్షురాలు. పరప్రభుత్వము, యుద్ధకాలము, అయినను మూడు నెలలు. ఆమెను ఉంచినది కొండమీది బంగళాలో. ఈ పోలిక సంపూర్ణము కాదని మాకు తెలియును. ఆమె తెల్లజాతి స్త్రీ, లోకప్రసిద్ధురాలు, అప్పటి దొరలు సామాన్యులైన మనవారిని అంత మన్ననతో చూడలేదు. అయినను ఒక సంగతి నిజము. ఆనాడు ఆమె యేమి నేరము చేసెనని ఇంటింట అడిగిరి. నిప్పు లేనిదే పొగ రాదని ఊరకుండలేదు.

సాయిబాబాగారికి ముందు మఱియొక వృద్ధుడు ఇట్లే పోయెను. ఆదివాసుల భూములకై జార్ఖండ్‌లో పాటుపడిన క్రైస్తవ గురువు స్టాన్‌స్వామిగారిని ఎనుబదిమూడవయేట, 2020 అక్టోబరులో, ఇదే చట్టము క్రింద పట్టుకొనిరి. చేతులు వణకు జబ్బుచే లోటా పట్టుకొనలేక, నీళ్లు పీల్చుకొనుటకు గొట్టము కావలెనని కోర్టును అడుగుకొనవలసి వచ్చెను. విచారణ మొదలు కాకమునుపే, 2021 జూలై 5న బొంబాయి ఆసుపత్రిలో మరణించిరి. ఆయన దోషియో కాదో చెప్పుటకు కోర్టునకు అవకాశమే రాలేదు.

విడుదల తరువాత సాయిబాబాగారు బ్రదికినది ఏడునెలలు. కళాశాలవారు 2021లోనే ఉద్యోగమునుండి తొలగించియుండిరి. నిర్దోషియని తేలినపిమ్మటను అది తిరిగి రాలేదు. పోయిన యేండ్లకు పరిహారమును లేదు. మరల తరగతిలో పాఠము చెప్పవలెనని ఆయన కోరిక. హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో పిత్తాశయమునకు శస్త్రచికిత్స జరిగి, అది వికటించి, 2024 అక్టోబరు 12న గుండె ఆగి మరణించిరి. కన్నులు ఎల్.వి.ప్రసాద్ నేత్రవైద్యాలయమునకును, దేహము గాంధీ వైద్యకళాశాల విద్యార్థులకును దానము చేసిరి. ఎడమభుజము నరములకు ఏమైనదో ఇక వారు చూచుకొందురు.

ఇంతటితో ప్రశ్నకు జవాబైనది. కాని ఉత్తరము చదివినప్పటినుండి మఱియొక సంగతి మా మనస్సున నున్నది. పొలముగట్టు తగాదాలోనో, నీళ్ల వంతు తగాదాలోనో ఒకనాటి రాత్రి పోలీసులు వచ్చి ఇంటి మగవానిని తీసికొనిపోయినచో, మన పల్లెయిల్లాలు ఏమి చేయును? ఏడ్చును, ఊరిపెద్ద కాళ్లు పట్టుకొనును. దుర్గాబాయమ్మగారు 1930లో ఉప్పుసత్యాగ్రహమున చెఱసాల చేరినప్పుడు, తోడి ఆడుఖైదీలు తమ నేరమేమో తమకే తెలియక శిక్ష అనుభవించుట చూచిరి. ఆ చూచినదే ఆమెను తరువాత న్యాయశాస్త్రము చదివించి వకీలును చేసినది. అందఱమును వకీళ్లము కానక్కఱలేదు గాని, ఈ నాలుగు మాటలు ఇంట వ్రాసి పెట్టుకొనవచ్చును.

పట్టుకొన్నవారిని ప్రయాణకాలము గాక ఇరువదినాలుగు గంటలలోపల మేజిస్ట్రేటు ఎదుట నిలుపవలెను. ఇది రాజ్యాంగపు 22వ అధికరణము. ఏ కారణమున పట్టుకొనిరో చెప్పవలెను. పైని చెప్పిన కఠినచట్టము క్రింద నైనచో వ్రాతమూలముగనే ఇయ్యవలెనని 2024 మే నెలలో సుప్రీంకోర్టు తీర్పు కలదు. ఎచ్చట ఉంచిరో బంధువులకో స్నేహితులకో తెలుపవలెను. వైద్యునిచే పరీక్ష చేయింపవలెను. కావున ఒంటిమీది దెబ్బను డాక్టరునకు చూపుటకును, మేజిస్ట్రేటునకు చెప్పుటకును భయపడరాదు. స్త్రీని ప్రొద్దు గ్రుంకిన తరువాతను, తెల్లవాఱకముందును పట్టుకొనరాదు. తప్పనిసరియైనచో మేజిస్ట్రేటు అనుమతితో స్త్రీ అధికారియే రావలెను.

వకీలునకు డబ్బెక్కడిదని కొందఱు అడుగుదురు. 1987 నాటి న్యాయసేవల చట్టము ప్రకారము స్త్రీలందఱికిని, ఆదాయముతో నిమిత్తము లేకుండ, ఉచితముగ వకీలును ఏర్పాటు చేయవలెను. చెఱలో నున్నవారికిని అట్లే. మదనపల్లె, పుంగనూరు కోర్టులకు పోయి న్యాయసేవల కార్యాలయమెక్కడ అని అడిగినచో చూపుదురు. టెలిఫోను చేయగలవారు 15100 అను అంకెకు చేయవచ్చును. దరఖాస్తు తెలుగులో వ్రాసినను చెల్లును. వ్రాయుట రానివారు నోటితో చెప్పినచో అచ్చటివారే వ్రాసికొని వేలిముద్ర వేయించుకొందురు.